ఎన్జీవోల కోసం ఏఐ స్టాఫ్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్: టైమ్‌షీట్లకు సూపర్, మనుషులకు మార్కులేస్తేనే గొడవ

చిన్న స్వచ్ఛంద సంస్థల్లో హెచ్‌ఆర్ అంటూ విడిగా ఎవరూ ఉండరు. అకౌంట్లు చూసే ఆవిడే సెలవులు చూడాలి, వాలంటీర్లకు డ్యూటీలు వేయాలి, ఫండర్ అడిగిన కాగితాలన్నీ పంపాలి. మా దగ్గరా అంతే. అందుకే ఎన్జీవోల కోసమే తయారుచేశామని చెప్పుకునే ఒక ఏఐ సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం. పేరు రాయను, కొనే ముందు డెమో చూసినవన్నీ ఇంచుమించు ఇలాగే ఉన్నాయి.

ముందు బాగున్నది. టైమ్‌షీట్లు! ఒకే మనిషి జీతం రెండు మూడు గ్రాంట్ల నుంచి వస్తుంటే నెలాఖరు ఎలా ఉంటుందో చేసినవాళ్లకే తెలుసు, ఎవరు ఏ ప్రాజెక్టుకి ఎన్ని గంటలు పనిచేశారో ఫోన్లు చేసి అడిగి, ఎక్సెల్‌లో ఎక్కించి, చివరికి మొత్తం కలవక మళ్లీ మొదటికి రావడం. ఇప్పుడు ఫీల్డ్ స్టాఫ్ వాయిస్ మెసేజ్ పెడితే చాలు, గంటల్ని గ్రాంట్ల వారీగా అదే విడగొడుతుంది, అనుమానం ఉన్నచోట పసుపు రంగు వేసి మనల్ని అడుగుతుంది. ఈ ఒక్కదానికే డబ్బులు పెట్టొచ్చు.

డోనర్ రిపోర్టుల డ్రాఫ్టులు పర్లేదు, కానీ కళ్లు మూసుకుని పంపితే కొంప మునుగుతుంది. శిక్షణకు మూడుసార్లు వచ్చిన ఒక్క మనిషిని ముగ్గురు లబ్ధిదారులుగా లెక్కేసింది. వాక్యాలు మాత్రం ఎంత నున్నగా ఉన్నాయంటే, చదివేవాళ్లకు అనుమానమే రాదు.

అసలు చిరాకు "ఉద్యోగం మానేసే అవకాశం" అనే స్కోరుతో. మా ఫీల్డ్ వర్కర్లలో అందరికంటే గట్టిగా పనిచేసే అమ్మాయికి ఎర్ర గుర్తు పెట్టింది. ఎందుకయ్యా అంటే మెసేజ్‌లకు ఆలస్యంగా జవాబిస్తుందట. ఆమె తిరిగే చోట పగలంతా సిగ్నలే ఉండదు, రాత్రి వచ్చాక అన్నీ ఒకేసారి పంపుతుంది. ఆమె సంగతి తెలియని కొత్త మేనేజర్ ఆ గుర్తు చూస్తే ఏమనుకుంటాడు?

ఇది కొత్త జబ్బేం కాదు. రెజ్యూమెలకు మార్కులేయడానికి అమెజాన్ తయారుచేసుకున్న ప్రోగ్రామ్ ఆడవాళ్ల దరఖాస్తుల్ని తక్కువ చేస్తోందని, దాన్ని పక్కన పెట్టేశారని 2018లో బయటపడింది. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ఏఐ చట్టం ఉద్యోగ నియామకాలకు, సిబ్బంది పనితీరు అంచనాకు వాడే ఏఐని హై రిస్క్ జాబితాలో పెట్టింది. మేం ఆ స్కోరు ఆపేశాం, ఆ స్విచ్ సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున దాచారు.

బ్రోచర్‌లో "మీ సంస్థ సుస్థిరతకు భరోసా" అని ఉంది. నవ్వొచ్చింది. గ్రాంటు అయిపోతే కాంట్రాక్టు అయిపోతుంది, అందుకే జనం వెళ్లిపోతారు, దీన్ని పట్టుకోవడానికి ఏఐ దేనికి? ఓవర్‌హెడ్ (ఆఫీసు, జీతాల లాంటి నిర్వహణ ఖర్చు) శాతం ఒక్కటే చూసి సంస్థల్ని తూకం వేయొద్దని, స్వచ్ఛంద సంస్థల వివరాలు దాతలకు అందించే అమెరికా సంస్థలు గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ కలిసి 2013లోనే దాతలకు బహిరంగ లేఖ రాశాయి. అయినా జీతాలు పెంచుతామంటే మొహం చిట్లించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ సాఫ్ట్‌వేర్ చందా కూడా ఆ ఓవర్‌హెడ్‌లోకే వెళ్తుందనుకోండి, అది వేరే సంగతి.

ఐదుకి మూడు స్టార్లు. కొనేముందు రెండు అడగండి: మన లబ్ధిదారుల వివరాలతో వాళ్ల మోడల్‌కి శిక్షణ ఇస్తారా, మానేస్తే డేటా మొత్తం ఎక్సెల్‌లో తిరిగిస్తారా. మాకు పీడీఎఫ్‌లే ఇస్తామన్నారు, రెన్యువల్ అక్కడే ఆగింది.