బీఎస్సీ కెమిస్ట్రీ మూడేళ్లు: ల్యాబ్ కోసం చేరొచ్చు, ల్యాబ్ ఎవరు చూస్తున్నారో అడిగాక

సిస్టర్స్ నడిపే మహిళా కాలేజీ అనగానే హాజరు, యూనిఫాం, ఉదయం ప్రార్థన గురించి అందరూ చెబుతారు. అవన్నీ వదిలేస్తున్నాను. మూడేళ్లు అక్కడ చదివాక గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే. మొదటి నాలుగు సెమిస్టర్లలో టైట్రేషన్లు, అంటే గాఢత తెలిసిన ద్రావణంతో చర్య జరిపి ఇంకో ద్రావణం గాఢత తేల్చే ప్రయోగాలు, నేర్పిన తీరు అద్భుతం.

ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణం సిద్ధంగా సీసాలో ఉండదు, ఎవరిది వాళ్లే చేసుకోవాలి. 250 మి.లీ.కి 0.05 మోలార్ (మోలార్ అంటే గాఢత కొలమానం) కావాలంటే లెక్క ప్రకారం 1.576 గ్రాములు. బ్యాలెన్స్ దగ్గర ఆ అంకె కచ్చితంగా వచ్చేదాకా గింజ వేస్తూ, గింజ తీస్తూ కూర్చుంటే ల్యాబ్ చూసే మేడమ్ ఊరుకోరు. దగ్గరగా తూచి, తూచిందే రాసి, దాన్నిబట్టి మోలారిటీ కట్టాలి. 1.592 వస్తే ద్రావణం 0.0505 మోలార్, అంతే. బ్యూరెట్‌నీ (కుళాయి ఉన్న కొలత గొట్టం) పిపెట్‌నీ (కొలిచినంతే పీల్చి తీసే గొట్టం) అందులో పోసే ద్రావణంతోనే కడగాలి. కోనికల్ ఫ్లాస్క్‌ని మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే. అందులో ఆమ్లం తడి మిగిలితే పిపెట్‌తో కొలిచిన 20 మి.లీ.కి అర్థం లేదు. రీడింగ్ తీసిన వెంటనే పెన్నుతో రికార్డులో రాయాలి, పక్కన మేడమ్ సంతకం పడాలి. కొట్టివేత ఉన్నా ఫర్వాలేదు, దిద్దుడు ఉండకూడదు.

పర్మాంగనేట్ ప్రయోగంలో ఈ పద్ధతి విలువ బాగా తెలుస్తుంది. పర్మాంగనేట్ తూచి మోలారిటీ రాసేస్తే చెల్లదు, అందులో మాంగనీస్ డయాక్సైడ్ ఆనవాళ్లు ఉంటాయి, నీళ్లలోని సేంద్రియ మలినాలూ దాన్ని కొంత తినేస్తాయి. అందుకే ప్రతిసారీ ఆక్సాలిక్ ఆమ్లంతో ప్రమాణీకరించాలి, అంటే అసలు గాఢత తేల్చాలి. బ్యూరెట్‌కి గాజు కుళాయే ఉండాలి, రబ్బరు గొట్టాన్ని పర్మాంగనేట్ పాడుచేస్తుంది. రంగు ముదురు కాబట్టి రీడింగ్ మెనిస్కస్ (గొట్టంలో ద్రవం వంపు తిరిగిన ఉపరితలం) పై అంచు దగ్గర తీయాలి. ఈ చర్యకు ఫ్లాస్క్‌లో ఇంకో ఆమ్లం కూడా పోయాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే క్లోరైడ్ కూడా ఆక్సీకరణం చెంది పర్మాంగనేట్ ఎక్కువ ఖర్చవుతుంది. నైట్రిక్ అయితే తానే ఆక్సీకారిణి. మిగిలింది సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఫ్లాస్క్‌ని 60 నుంచి 70 డిగ్రీల దాకా వేడిచేయాలి. మరిగిస్తే ఆక్సాలిక్ ఆమ్లం కొంత విచ్ఛిన్నమై రీడింగ్ తగ్గిపోతుంది. మొదటి చుక్కల రంగు పోవడానికి సమయం పడుతుంది, కాస్త మాంగనీస్ అయాన్ తయారయ్యాక అదే ఉత్ప్రేరకమై చర్య పరుగెడుతుంది. లేత గులాబీ అర నిమిషం నిలిస్తే ఎండ్ పాయింట్, అంటే చర్య పూర్తయినట్టు.

రెండో ఏడాది ఒక ప్రాక్టికల్‌లో సగం ఫ్లాస్కుల్లో గులాబీకి బదులు గోధుమరంగు మడ్డి వచ్చింది. అది మాంగనీస్ డయాక్సైడ్ అని అందరికీ తెలుసు, ఎందుకు వచ్చిందో తెలియదు. మేడమ్ కారణం చెప్పలేదు. ఫ్లాస్కులన్నీ పారబోయించి, ఒకసారికి ఒక్కటే మార్చి చూడమన్నారు. ముందు ఉష్ణోగ్రత. తర్వాత చుక్కల వేగం. తర్వాత ఆమ్లం, అంటే పక్క బెంచీ సీసాలోంచి అదే 20 మి.లీ. తెచ్చి పోయడం. గోడవైపు బెంచీలో ఆమ్లం మార్చగానే రంగు శుభ్రంగా పోయింది. ఆ సీసాలో ఉన్నది దాదాపు నీళ్లే, అంతకుముందు బ్యాచ్ ఎవరో మరీ పల్చన చేసి పెట్టారు. కిటికీవైపు బెంచీలో ఆమ్లం బాగానే ఉంది. అక్కడ రీడింగులు రాసుకుంటూ ఫ్లాస్క్ చల్లారనిచ్చి, ఆపైన కుళాయి ధారగా తిప్పేశారు. ఒకే మడ్డి, రెండు వేర్వేరు కారణాలు. ఆ మధ్యాహ్నం ఎవరికీ ఫలితం రాలేదు, రికార్డులో విఫలమైన రీడింగులు కారణంతో సహా రాస్తే వాటికే పూర్తి మార్కులు వేశారు. ఏ కాలేజీ గురించైనా నాకు ఇంతకంటే మంచి మాట చెప్పడం రాదు.

అయితే ఇదంతా ఇద్దరు లెక్చరర్ల పని, కాలేజీ మొత్తానికి అంటగట్టలేను. ఐదో సెమిస్టర్‌లో ఒకరు రిటైరయ్యారు, ఆ స్థానంలో మేనేజ్‌మెంట్ జీతం మీద వచ్చినవారు సగంలోనే వెళ్లిపోయారు. ఆ తర్వాత వచ్చినవారు రీడింగులు బోర్డు మీద రాసి రికార్డు పూర్తి చేయించారు. అదే గది, అవే బ్యూరెట్లు. ఆర్గానిక్ థియరీ కూడా మూడేళ్లూ నోట్సు చెప్పి రాయించడమే. చర్యల్లో గీసే వంపు బాణం గుర్తు ఎలక్ట్రాన్లు ఎటు వెళ్తాయో చూపిస్తుందన్న సంగతి చాలామందికి ఎంఎస్సీ కోచింగ్‌లో గానీ తెలియలేదు. ఫిజికల్ కెమిస్ట్రీ ఫర్వాలేదు, లెక్కలు చేయించారు.

అటానమస్ (స్వయంప్రతిపత్తి ఉన్న) కాలేజీ కాబట్టి సిలబస్ కాలేజీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ చేతిలోనే ఉంటుంది, డిగ్రీ మాత్రం యూనివర్సిటీది. బోర్డులో యూనివర్సిటీ నామినీ, బయటి నిపుణులు, ఒక పూర్వ విద్యార్థిని ఉంటారు. దీని లాభం ప్రాక్టికల్స్‌లో కనిపించింది. నష్టం పై చదువుల దరఖాస్తుల దగ్గర తెలుస్తుంది. పేపర్ల పేర్లు వేరుగా ఉండటం వల్ల సంతకం, ముద్ర వేసిన సిలబస్ కాపీ అడగొచ్చు. చివరి సెమిస్టర్‌లోనే తీసి పెట్టుకోవాలి. వాల్యూ ఎడ్యుకేషన్ క్లాసు క్యాథలిక్ పిల్లలకు క్యాటకిజంగా (మత బోధన), మిగతావారికి నైతిక విద్యగా విడిగా జరుగుతుంది, చదువుకు అడ్డు కాదు.

మళ్లీ చేరతారా అంటే, ఇంటి నుంచి రోజూ వెళ్లి రాగల దూరం కాబట్టి, ల్యాబ్ పని మీద ఇష్టం ఉంది కాబట్టి నేను చేరతాను. ఎంఎస్సీ ఎంట్రన్సే లక్ష్యం అయితే ఆర్గానిక్‌కి బయట ఏదో ఒకటి చూసుకోక తప్పదు. తెలుగు మీడియం నుంచి వచ్చేవారికి మొదటి నెల బ్రిడ్జి కోర్సు పదాల వరకు పనికొస్తుంది, ఇంగ్లిష్‌లో జవాబు రాసే అలవాటు దానితో రాదు.

అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు రెండో ఏడాది పిల్లలు ఇద్దరి దగ్గర పర్మాంగనేట్ ప్రయోగం పేజీ చూపించమనండి. ఒకరిది 19.8, ఇంకొకరిది 20.3 ఉండి, పక్కన ఆరోజు సంతకం ఉంటే చేరండి. ఇద్దరిదీ వరుసగా 20.0, 20.0, 20.0 ఉంటే ఆ ల్యాబ్‌లో ఇప్పుడు ఎవరున్నారో కనుక్కోండి.