విమ్‌ని నేను వదలకపోవడానికి కారణం దాని అన్‌డూ

విమ్ అంటే టెర్మినల్‌లో నడిచే టెక్స్ట్ ఎడిటర్, అన్‌డూ అంటే చేసిన మార్పుని వెనక్కి తీసుకోవడం. మోడ్‌లు, మౌస్ ముట్టకుండా బతకడం, బయటికెలా రావాలో తెలీక టెర్మినల్ మూసేసే జోకులు, ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. ఏళ్ల తరబడి రోజూ వాడుతున్నాను కానీ నిజం చెప్పాలంటే స్పీడ్ మీద మోజు ఎప్పుడో తగ్గిపోయింది, ఒక ప్లగిన్ పెట్టుకుంటే ఆ కీలన్నీ ఏ ఎడిటర్‌లోనైనా వచ్చేస్తాయి. అంత తేలిగ్గా రానిది అన్‌డూ. (ఈమ్యాక్స్ అనే ఇంకో ఎడిటర్ వాళ్లకి ఇలాంటిదే వాళ్లకుంది, వాళ్లతో నాకు గొడవ లేదు.)

మామూలు ఎడిటర్‌లో ఓ పాతిక అడుగులు వెనక్కి వెళ్లి, పాత కోడ్ ఎలా ఉందో చూసుకుని, ముందుకి వచ్చేలోపు చెయ్యి తగిలి ఒక స్పేస్ పడిందా, రీడూ మొత్తం గోవిందా. విమ్‌లో అలా పోదు. వెనక్కి వెళ్లి కొత్తగా ఏదైనా టైప్ చేస్తే అక్కణ్నుంచి ఇంకో కొమ్మ మొదలవుతుంది, పాత కొమ్మ అలాగే ఉంటుంది. ఇది 2006లో 7.0తో వచ్చింది. కాకపోతే అప్పట్లో ఫైల్ మూస్తే ఈ కొమ్మల చెట్టూ పోయేది, 2010లో 7.3 వచ్చాక అన్‌డూఫైల్ అనే సెట్టింగ్‌తో ఆ చెట్టుని డిస్క్ మీద దాచుకోవడం మొదలుపెట్టింది. అసలు విమ్‌కి మూలమైన పాత వీఐ ఎడిటర్‌లో అయితే ఒక్క అడుగే వెనక్కి, మళ్లీ యూ (అన్‌డూ కీ) కొడితే చేసిన అన్‌డూనే అన్‌డూ అయ్యేది, అక్కణ్నుంచి ఇక్కడిదాకా వచ్చిందన్నమాట.

ఈ సెట్టింగ్ పెట్టుకుని చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు నేను. నిన్న మూసిన ఫైల్ ఇవాళ తెరిచి యూ కొడితే వెనక్కి వెళ్తోంది, బాగుంది, అంతే. దాని అసలు విలువ తెలిసింది ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీకి ప్యాచ్ (కోడ్ సవరణ) పంపినప్పుడు. కాన్ఫిగ్ ఫైల్ చదివే చిన్న పార్సర్ అది, కొటేషన్ల మధ్య ఉన్న విలువల్ని సరిగ్గా విడగొట్టడం లేదు. మొదట ఒక్కో అక్షరం చదువుకుంటూ పోయే లూప్ రాశాను, ఎస్కేప్ అక్షరాలు, లైన్ చివర్లు అన్నీ చూసుకుంటూ పెద్దదే అయింది, టెస్టులు కూడా పాసయ్యాయి. కానీ డిఫ్ (మారిన లైన్ల జాబితా) మరీ బారుగా ఉంది, ఇంత పెద్దది రివ్యూ చేసే ఓపిక ఎవరికుంటుందిలే అని యూ కొట్టుకుంటూ మొదటికి వెళ్లి, అదే పని ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల నమూనాని వెతికే సూత్రం) నాలుగు లైన్లలో రాసి, గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) కమిట్ చేసి పంపేశా. లూప్ ఉన్న వెర్షన్‌ని కమిట్ చేయలేదు, స్టాష్ చేసి (తాత్కాలికంగా పక్కన పెట్టి) కూడా ఉంచలేదు, పారేసిన ఆలోచనని ఎవరు దాచుకుంటారు.

కొన్నాళ్లకి మెయింటైనర్ నుంచి రివ్యూ వచ్చింది. చాలా మర్యాదగా రాశాడు, కానీ విషయం ఏంటంటే కొటేషన్ మూయకుండా వదిలేసిన పొడుగాటి లైన్ ఇస్తే నా ఎక్స్‌ప్రెషన్ బ్యాక్‌ట్రాకింగ్‌లో (వెనక్కెళ్లి మళ్లీ మళ్లీ ప్రయత్నించడంలో) పడి సీపీయూ మొత్తం తినేస్తోంది. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, 2019 జులై 2న బోలెడు వెబ్‌సైట్ల ట్రాఫిక్‌ని మోసే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ సర్వర్లు దాదాపు అరగంట చేతులెత్తేసింది ఇలాంటి ఒక ఎక్స్‌ప్రెషన్ వల్లే. దీని బదులు ఒక్కో అక్షరం చదివే లూప్ రాయగలరా అని అడిగాడు.

గిట్‌లో వెతకడానికేమీ లేదు, రిఫ్‌లాగ్ చూపించేది హెడ్ (ఇప్పుడున్న చోటు), బ్రాంచ్‌లు (కోడ్‌కి సమాంతర వెర్షన్లు) ఎటెటు కదిలాయో కదా, ఎన్నడూ కమిట్ కానిది అందులో ఎలా ఉంటుంది. మధ్యలో మెషిన్ రీస్టార్ట్ కూడా అయింది. ఫైల్ తెరిచి యూ కొట్టుకుంటూ వెళ్తే ఎక్స్‌ప్రెషన్ వెర్షన్ ఎలా పుట్టిందో అదే వెనక్కి నడుస్తోంది, లూప్ జాడ లేదు. ఎందుకంటే యూ అనేది ఇప్పుడున్న కొమ్మ మీదే దిగుతుంది. అప్పుడు అన్‌డూలిస్ట్ కొడితే కొమ్మల చివర్లన్నీ వచ్చాయి, ఏ మార్పు ఎప్పుడు జరిగిందో టైమ్‌తో సహా, అందులో ఒకటి లూప్ రాసిన రోజుది. ఆ నంబర్‌తో అన్‌డూ కమాండ్ ఇచ్చా. అంతే, స్క్రీన్ నిండా నా లూప్, నేనే రాసుకున్న కామెంట్లతో సహా. ఫంక్షన్ మొత్తం యాంక్ (కాపీ) చేసి, లేటర్ కమాండ్‌తో మళ్లీ ఇప్పటి రూపానికి వచ్చి, అక్కడ పేస్ట్ చేశా. ఆ ప్యాచ్ తర్వాత మెర్జ్ అయింది కూడా. నంబర్లతో కుస్తీ ఇష్టం లేనివాళ్లు ఎర్లియర్ అని రాసి 3డి ఇస్తే మూడు రోజుల కిందటి రూపం వస్తుంది, 1ఎఫ్ ఇస్తే కిందటిసారి సేవ్ చేసినప్పటిది. జీ మైనస్ అయితే కొమ్మలతో పని లేకుండా టైమ్ వరసలో ఒక్కో అడుగు వెనక్కి.

ఆ తర్వాత కొన్నాళ్లు కనపడ్డవాళ్లందరికీ ఇదే చెప్పాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెప్తున్నా. ఎందుకంటే ఆ రోజు నాకు కలిసొచ్చింది అని ఇప్పుడు తెలుసు. విమ్ చెట్టుతో పాటు ఫైల్ హాష్ (అందులోని రాతకి వేలిముద్ర లాంటిది) కూడా రాసుకుంటుంది, తెరిచినప్పుడు ఫైల్ అచ్చంగా అలాగే ఉంటేనే చరిత్ర లోడ్ అవుతుంది. బయట నుంచి ఫార్మాటర్ (కోడ్‌ని సర్దే ప్రోగ్రామ్) ఒక స్పేస్ మార్చినా లోడ్ అవదు. గిట్‌లో బ్రాంచ్ మార్చి మళ్లీ పాత బ్రాంచ్‌కి వస్తే ఫైల్ అలాగే ఉంటుంది కాబట్టి పర్వాలేదు, కానీ ఆ మధ్యలో అదే ఫైల్‌ని వేరే బ్రాంచ్‌లో తెరిచి సేవ్ చేస్తే పాత అన్‌డూ ఫైల్ మీద కొత్తది రాసేస్తుంది, ఒక్క మాట కూడా చెప్పదు. ఇలా ఇంకో ప్రాజెక్టులో నాలుగైదు కొమ్మల చరిత్ర మొత్తం పోయింది, ఆ కోపం ఇంకా ఉంది నాకు, కనీసం ఒక వార్నింగ్ ఇవ్వొచ్చుగా. అప్పట్నుంచి బ్రాంచ్‌లు మార్చడం తగ్గించి గిట్ వర్క్‌ట్రీ వాడుతున్నా, అంటే ఒక్కో బ్రాంచ్‌కి ఒక్కో ఫోల్డర్, దారి వేరు కాబట్టి అన్‌డూ ఫైలూ వేరే అవుతుంది.

ఇంకో సంగతి, దీనికి పారేయడం తెలీదు. అన్‌డూ డైరెక్టరీ మన అటక లాంటిది, ఎక్కిందే తప్ప దిగింది లేదు. ఎప్పుడో డిలీట్ చేసిన ప్రాజెక్టుల చరిత్ర కూడా అందులోనే ఉంటుంది, మనమే శుభ్రం చేసుకోవాలి. సైజ్ సంగతి అటుంచితే, ఫైల్‌లో పొరపాటున పడ్డ పాస్‌వర్డో ఏపీఐ కీనో తీసేసి సేవ్ చేశాం కదా అనుకుంటాం, అన్‌డూ ఫైల్‌లో అది భద్రంగా ఉంటుంది. నేను రహస్య కీలు ఉండే ఎన్వ్ ఫైళ్లకి, టెంప్ డైరెక్టరీకి దీన్ని ఆపేశాను. డైరెక్టరీ పేరు ఇవ్వకపోతే ఆ ఫైళ్లు కోడ్ పక్కనే పుట్టి గిట్ స్టేటస్ నిండా కనపడతాయి, ఇచ్చినా ఆ డైరెక్టరీని విమ్ తనంతట తాను సృష్టించదు, ముందే ఉండాలి. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ అయితే సృష్టించుకుంటుంది, కానీ విమ్ రాసిన అన్‌డూ ఫైళ్లని అది చదవదు, కాబట్టి అటు మారేవాళ్లు పాత చరిత్ర మీద ఆశ వదులుకోవాలి. నేను ఇంకా మారకపోవడానికి సగం కారణం ఇదే, మిగతా సగం బద్ధకం.

మరి అందరూ దీనికోసం విమ్ నేర్చుకోవాలా అంటే నేనలా అనను. జెట్‌బ్రెయిన్స్ ఐడీఈల్లో లోకల్ హిస్టరీ ఎప్పట్నుంచో ఉంది, వీఎస్ కోడ్‌లో కూడా 2022 నుంచి సేవ్ చేసిన ప్రతిసారీ ఒక కాపీ ఉంచుతోంది, చాలామందికి అది సరిపోతుంది. నా పని ఎక్కువగా టెర్మినల్‌లో, ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని సర్వర్‌లోకి లాగిన్) మీద, సేవ్ చేయకముందే మూడు రకాలుగా రాసి చూసే అలవాటు, అందుకని నాకు కుదిరింది. ఇప్పటికే విమ్ వాడుతూ ఇది ఆన్ చేసుకోనివాళ్లు మాత్రం ఇవాళే చేసుకోండి, రెండు లైన్ల పని. పదిమంది లాగిన్ అయ్యే సర్వర్ మీద మాత్రం వద్దు, అక్కడ నేనూ ఆఫ్‌లోనే ఉంచుతాను.