ఏ1సీ, గ్లూకోమీటర్, సెన్సర్: అరికాళ్ల మంటలున్నవాడి సమీక్ష

షుగర్ కొలిచే సాధనాల మీద సమీక్షలకు కొదవ లేదు. సూది నొప్పి ఎంత, యాప్ బాగుందా, అంటించిన సెన్సర్ స్నానంలో ఊడుతుందా అన్నవి చెప్పి చాలామంది ఆగిపోతారు. నాకు కావలసింది వేరు. టైప్ 2 షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. రాత్రిళ్లు అరికాళ్లు మండుతాయి, కాలివేళ్ల చివర తిమ్మిరి ఉంటుంది. నరాలకు తగిలిన దెబ్బ ఇంకా ముదురుతోందా, అక్కడే ఆగిందా? ఆ సంగతి ఏ అంకె చెబుతుంది? ఈ ఒక్క కోణంలోనే ల్యాబ్‌లో చేసే ఏ1సీ రక్తపరీక్ష, వేలు గుచ్చి చూసే గ్లూకోమీటర్, ఒంటికి అంటించే సెన్సర్, ఈ మూడింటికీ మార్కులు వేస్తున్నాను. మూడూ ఏళ్ల తరబడి వాడినవే.

ముందే తేల్చేస్తాను: వీటిలో ఏదీ నరాన్ని కొలవదు. ఒంట్లో చక్కెర ఎంత ఉందో చెబుతాయి, అంతే. అయినా వాటి విలువ తక్కువేం కాదు.

మొదట హెచ్‌బీఏ1సీ, అంటే ఏ1సీ. రక్తంలోని గ్లూకోజ్ ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. కణం ఆయుష్షు దాదాపు 120 రోజులు కాబట్టి, ఎంత శాతం హిమోగ్లోబిన్‌కు అంటుకుందో చూస్తే గత రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. అందులోనూ చివరి నెల ప్రభావమే ఎక్కువ. అంకెల్లో చెప్పాలంటే ఏ1సీ 7 అంటే సగటు షుగర్ సుమారు 154, ఏ1సీ 8 అంటే సుమారు 183. నరాల విషయంలో ఈ పరీక్షకు ఉన్నంత గట్టి రుజువు ఇంకే కొలతకూ లేదు. టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాని రకం షుగర్) ఉన్న 1,441 మందితో అమెరికా, కెనడాల్లో జరిగిన డీసీసీటీ అధ్యయనం 1993లో ఫలితాలు ప్రకటించింది. షుగర్‌ను గట్టిగా అదుపు చేసినవారిలో నరాల జబ్బు సుమారు 60 శాతం తగ్గింది. షుగర్ అదుపులో ఉంటే నరాలు దక్కుతాయన్న మాట నమ్మకం స్థాయి దాటి నిజమని రుజువైంది అక్కడే.

మనలాంటి టైప్ 2 వాళ్లకు కొంచెం నిరాశ తప్పదు. షుగర్‌ను గట్టిగా అదుపు చేస్తే మన నరాలకూ మేలే కానీ, టైప్ 1లో కనిపించినంత స్పష్టంగా కనిపించలేదు. నా సొంత కథ కూడా అలాగే ఉంది. ఏ1సీ ఏళ్ల తరబడి ఏడుకు కాస్త అటూ ఇటూగా నిలిచింది. రిపోర్ట్ చూసిన ప్రతివాళ్లూ 'భేష్' అన్నారు. కాళ్ల తిమ్మిరి మాత్రం వేళ్ల నుంచి పాదం మధ్యకు పాకింది. ఎందుకని అడిగితే డాక్టరు చెప్పిన వివరణ నాకు నచ్చింది. టైప్ 2 బయటపడే నాటికే కొన్నేళ్లుగా చక్కెర ఎక్కువగా ఉండి ఉంటుంది, అందుకే ఈ రకంలో షుగర్ ఉందని తేలిన రోజే పాదాలు పరీక్షించాలి. పైగా ట్రైగ్లిజరైడ్లు, బీపీ, అధిక బరువు, పొగతాగడం, చివరికి మనిషి పొడవు కూడా లెక్కలోకి వస్తాయి. పొడవు మాట విని నవ్వొచ్చింది కానీ అందులో విషయం ఉంది. పొడవాటి నరాలే ముందు దెబ్బతింటాయి, కాబట్టే ఇది పాదాల్లో మొదలవుతుంది.

ఏ1సీలో నాకు నచ్చనిది ఇంకొకటి ఉంది. రక్తహీనత ఉంటే అది తప్పుదారి పట్టిస్తుంది. ఐరన్ తక్కువైతే షుగర్ పెరగకపోయినా ఏ1సీ ఎక్కువ చూపించవచ్చు. రక్తం పోయినా, ఎర్రకణాలు త్వరగా విరిగిపోయే జబ్బులున్నా తక్కువ చూపిస్తుంది. నాకు ఐరన్ తగ్గిన రోజుల్లో ఏ1సీ పెరిగింది, ఇంట్లో మీటర్ అంకెలు మాత్రం పాతవాటిలాగే ఉన్నాయి. అప్పుడు చేయించిన ఫ్రక్టోసమిన్ పరీక్ష మీటర్ వైపే నిలబడింది. అది రక్తంలోని ప్రోటీన్లకు అంటుకున్న చక్కెరను చూస్తుంది, గత రెండు మూడు వారాల సంగతి చెబుతుంది. మీ మీటర్‌కూ ఏ1సీకీ పొంతన కుదరకపోతే మందు మార్చే ముందు ఈ పరీక్ష గురించి అడగండి.

గ్లూకోమీటర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2013 నాటి అంతర్జాతీయ (ఐఎస్ఓ) ప్రమాణం ప్రకారం షుగర్ 100 దాటినప్పుడు 15 శాతం అటూ ఇటూ తేడా చెల్లుతుంది. అంటే మీటర్ 150 చూపిస్తే అసలు అంకె 130 కావచ్చు, 170 కావచ్చు. అందుకే ఒక్క రీడింగ్ చూసి సంబరం వద్దు, టెన్షనూ వద్దు. పరగడుపున మాత్రమే చూసుకుని ఊరుకునే అలవాటుంటే మాత్రం వదిలేయండి. భోజనానికి ముందోసారి, రెండు గంటల తర్వాత మరోసారి చూస్తేనే స్ట్రిప్ దండగ కాదు.

ఇక సెన్సర్. చేతి వెనుక అంటించుకుంటే రకాన్ని బట్టి పది నుంచి పదిహేను రోజులు పనిచేస్తుంది. అది చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. కాబట్టి రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. షుగర్ వేగంగా ఎక్కుతున్నప్పుడో దిగుతున్నప్పుడో మీటర్‌తో పోల్చి 'ఇది తప్పు చెబుతోంది' అనుకోవడం అనవసరం. అంటించిన మొదటి రోజు రీడింగులను నేను పట్టించుకోను. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే అర్ధరాత్రి షుగర్ పడిపోయిందని అలారం కొడుతుంది. లేచి వేలు గుచ్చి చూస్తే షుగర్ మామూలుగానే ఉంటుంది. ఒత్తిడికి వచ్చే ఈ దొంగ రీడింగులు చాలా సెన్సర్లలో ఉన్నవే. కొన్నింటిలో విటమిన్ సి ఎక్కువ మోతాదులో తీసుకుంటే అంకె తప్పుగా పెరుగుతుంది, మీ దాని కాగితం చదవండి.

ఇన్ని లోపాలున్నా సెన్సర్ చూపించిన విషయం ఏ1సీ ఎప్పటికీ చూపించలేదు. ఒకే సగటు ఉన్న రెండు వారాలు పక్కపక్కన పెట్టి చూశాను. ఒకదాంట్లో గీత సాఫీగా ఉంది. రెండోదాంట్లో భోజనం తర్వాత 260 దాకా లేచి, తెల్లవారుజామున 65కి జారింది. ల్యాబ్ లెక్కలో రెండూ ఒక్కటే! 2019లో అంతర్జాతీయ నిపుణులు ఒప్పుకున్న లెక్క ప్రకారం చాలామంది పెద్దవాళ్లలో షుగర్ 70 నుంచి 180 మధ్య ఉండే సమయం 70 శాతం దాటాలి, 70 కంటే కిందకు పోయే సమయం 4 శాతం లోపు ఉండాలి. హెచ్చుతగ్గులను కొలిచే సీవీ 36 శాతం మించకూడదు. నా రిపోర్టులో ముందు చూసేది 70 కంటే కిందకు పోయిన భాగాన్నే, ఎందుకంటే షుగర్ పడిపోతే ప్రమాదం అప్పటికప్పుడే.

మరి ఈ ఒడిదుడుకులే నరాలను తింటున్నాయా? 70-180 పరిధిలో తక్కువ సమయం గడిపేవాళ్లలో నరాల జబ్బు ఎక్కువగా కనిపిస్తోందని అధ్యయనాలు చెబుతున్నాయి. కానీ వాటిలో చాలావరకు ఒక్కసారి చూసి లెక్కగట్టినవి. ఏది కారణమో, ఏది ఫలితమో అవి తేల్చవు. డీసీసీటీ లాంటి రుజువు సెన్సర్ అంకెలకు ఇంకా లేదు. 'హెచ్చుతగ్గులు ఆపితే నరాలు బాగుపడతాయి' అని అమ్మేవాళ్ల మాటను నేను అంతవరకే తీసుకుంటాను.

నేను చేసి చూసిన పని ఒకటుంది. కాళ్లు బాగా మండిన రాత్రులు గుర్తుపెట్టుకుని సెన్సర్ గ్రాఫ్‌తో సరిచూశాను. ఏ పొంతనా దొరకలేదు. షుగర్ 120 ఉన్న రాత్రి నిద్ర పట్టలేదు, 220 ఉన్న రాత్రి హాయిగా పడుకున్నాను. నొప్పి ఆ గంట షుగర్‌ను బట్టి నడవడం లేదు, కనీసం నా విషయంలో. ఇది తెలిశాక అర్ధరాత్రి ఫోన్ చూసుకోవడం మానేశాను. నిద్ర కాస్త మెరుగైంది.

సెన్సర్‌తో ఒక చిక్కు ఉంది, ఎవరూ చెప్పరు. యాప్‌లో సరైన పరిధిని చూపే పచ్చరంగు గీతల మధ్యే ఉండాలన్న పట్టుదల పెరిగిపోతుంది. ఏ1సీ పదికి పైన ఉన్నవాళ్లు ఆ మోజులో షుగర్‌ను ఒక్కసారిగా దించేయడం మంచిది కాదు. మూడు నెలల్లో ఏ1సీ రెండు పాయింట్లకు మించి పడితే కొందరిలో కొత్తగా విపరీతమైన మంటలు, నొప్పులు మొదలవుతాయి. దీనికి చికిత్స వల్ల వచ్చే నరాల జబ్బు అనే పేరే ఉంది. వేగంగా దించితే కంటి రెటీనా జబ్బు ముదరడం కూడా తెలిసిందే. నాకు ఇన్సులిన్ మొదలుపెట్టినప్పుడు డాక్టరు మెట్లు మెట్లుగా దించారు. అప్పట్లో నాకది నత్తనడకలా అనిపించి విసుక్కునేవాణ్ని.

అంకెలన్నీ పక్కన పెడితే నా తిమ్మిరిలో కొంత భాగానికి సమాధానం దొరికింది బి12 పరీక్షలో. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. ఆ లోటు కూడా అచ్చం షుగర్ తిమ్మిరిలాగే ఉంటుంది. నాకు తక్కువని తేలింది, ఇంజెక్షన్లు పడ్డాక తిమ్మిరి కొంత తగ్గింది. మంట మాత్రం పోలేదు. ఈ సంగతి ఏ సెన్సరూ చెప్పదు.

నరాన్ని నిజంగా పరీక్షించే సామాను చాలా సాదాగా ఉంటుంది. పాదానికి ఆనిస్తే 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారం, వేలి ఎముకపై పెట్టి కంపనం తెలుస్తోందా అని చూసే 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్, మడమ పైన కొట్టే చిన్న సుత్తి. దారం, ఫోర్క్ రెండూ పెద్ద నరాల తంతువుల సంగతి చెబుతాయి. నొప్పి, వేడి, చల్లదనం తెలియజేసే సన్నవి తరచూ ముందే దెబ్బతింటాయి, వాటికి సూదిమొనతో, చల్లటి వస్తువుతో చూడాలి. నాకు మంటలు మొదలైన కొత్తలో నరాల కరెంటు పరీక్ష మామూలుగా వచ్చింది. అదీ పెద్ద తంతువులనే చూస్తుంది మరి. మంట తగ్గిందని మురిసిపోవడమూ కుదరదు. ప్రీగబాలిన్, డులోక్సెటిన్ లాంటి మందులు నొప్పినే తగ్గిస్తాయి, నరాన్ని బాగుచేయవు. ఒక్కోసారి మంట పోవడానికి కారణం స్పర్శ పోవడమే. ఏ బాధా లేకుండానే నరాలు దెబ్బతిన్నవాళ్లూ చాలామందే ఉంటారు.

మార్కులు: నరాల ముప్పు అంచనాకు ఏ1సీకి ఐదుకు నాలుగు. సెన్సర్‌కు మూడున్నర. ఇన్సులిన్ లేదా షుగర్‌ను పడగొట్టే మాత్రలు వాడేవాళ్లయితే ఇంకో అర కలుపుకోండి. మందు లేకుండా నెట్టుకొస్తున్నవాళ్లకు అప్పుడప్పుడు ఒక సెన్సర్ పెట్టుకుంటే సరిపోతుంది, ఏడాదంతా అక్కర్లేదు. మీటర్‌కు రెండున్నర, కానీ ఇంట్లో లేకుండా మాత్రం ఉండకండి. సెన్సర్ యాప్‌పై ఒక ఫిర్యాదు మిగిలింది. ఇన్ని గ్రాఫులు గీసే ఆ యాప్‌లో పాదాల పరీక్ష ఫలితం రాసుకోవడానికి ఒక్క గడి లేదు. ప్రస్తుతానికి నోట్స్‌లో 'కుడి కాలు ఫోర్క్ తెలుస్తోంది, ఎడమ బొటనవేలు తెలియడం లేదు' అని నేనే రాసుకుంటున్నాను. ఆ గడి చేరిస్తే ఇంకో అర మార్కు ఇస్తాను.