మందుల సంచి విప్పే డాక్టరు: ఫ్యామిలీ డాక్టరు సేవపై సమీక్ష

ఫ్యామిలీ డాక్టరు మంచివారా కాదా అని తేల్చేటప్పుడు జనం మామూలుగా రెండే చూస్తారు: ఎంతసేపు కూర్చోబెట్టారు, జ్వరం ఎన్నాళ్లకు తగ్గింది. జ్వరాల్లో చాలావరకు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి ఆ రెండో కొలత దేనికీ పనికిరాదు. మా లెక్కలో చూడాల్సింది పాత మందుల చీటీని ఆయన ఎలా చదువుతారన్నది.

బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. వాడుతున్న మనిషికి డోసు 10కి పెంచారనుకోండి. కొన్ని వారాలకు చీలమండలు వాచాయి. ఇంకోచోట చూపిస్తే నీరు పట్టిందని ఫ్యూరోసెమైడ్ రాశారు, ఒంట్లో నీటిని మూత్రంలో పంపే 'నీళ్ల మాత్ర' అది. దాంతో పొటాషియం పడిపోయింది, దానికి మరొకరు సిరప్ ఇచ్చారు. ఎవరి చీటీ వాళ్లకు సబబుగానే ఉంది. కానీ వాపు తెచ్చింది మొదటి మాత్రే. ఆమ్లోడిపిన్ చిన్న ధమనులను సడలిస్తుంది, సిరల వైపు అంత సడలింపు ఉండదు. మధ్యలో ఉన్న కేశనాళికల్లో (అతి సన్నని రక్తనాళాల్లో) ఒత్తిడి పెరిగి నీరు బయటికి చెమరుస్తుంది. నీళ్ల మాత్రకు ఈ వాపు పెద్దగా లొంగదు. మంచి ఫ్యామిలీ డాక్టరు ముందు గుండె, కిడ్నీ, లివర్ సంగతి చూసుకుంటారు. తర్వాత డోసు పెరిగిన తేదీనీ వాపు మొదలైన తేదీనీ పక్కపక్కన పెట్టి, డోసు తగ్గించడమో మందు మార్చడమో చేస్తారు. (ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర మానేయొద్దు.) స్పెషలిస్టుకు ఇది తెలియదని కాదు, ఆయన దగ్గర పాత తేదీలు ఉండవు, అంతే.

ఈ సేవలో అసలు సరుకు ఆ తేదీలే. ఒకే డాక్టరు దగ్గర కొనసాగడంపై వచ్చిన 22 అధ్యయనాలను 2018లో ఒకచోట చేర్చి చూస్తే, 18 అధ్యయనాల్లో అలా కొనసాగినవాళ్లలో మరణాలు తక్కువగా కనిపించాయి. అవన్నీ ప్రయోగం చేసి తేల్చినవి కావు, జరిగింది చూసి రాసిన పరిశీలన లెక్కలు కాబట్టి ఘనతంతా డాక్టరుదేనని రాసెయ్యలేం. అయినా ఏడాదికో క్లినిక్ మార్చే అలవాటున్నవాళ్లు ఒకసారి ఆలోచించాలి.

ఎక్కువగా చెడేది వినడం దగ్గర. రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డొస్తున్నారని 1984 నాటి ఒక అధ్యయనంలో తేలింది. అలా అడ్డొస్తే అసలు సంగతి తలుపు మీద చెయ్యి వేశాక బయటపడుతుంది: "అన్నట్టు డాక్టరుగారూ, మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టుంటోంది." అప్పటిదాకా పదినిమిషాలూ మోకాలి నొప్పికే అయిపోయి ఉంటాయి. తెలిసిన డాక్టరు మొదట్లోనే "ఇంకేమైనా ఉందా?" అని అడిగి, అన్నీ విన్నాక ఏది ముందో తేలుస్తారు. పంపేముందు చెప్పేది కూడా గమనించండి. "తగ్గకపోతే రండి" అనడం చాలదు. ఏ లక్షణం కనబడితే, ఎన్ని రోజుల్లోపు, ఎక్కడికి రావాలో విడివిడిగా చెప్పాలి.

గదిలో వైద్య విద్యార్థి ఉంటే కొందరికి చిరాకు. మేమైతే దీనికి మార్కులు వేస్తాం. విద్యార్థి ముందు తన నిర్ణయం చెప్పి, ఎందుకలా అనుకున్నాడో ఆధారం చూపాలి. ఆ తర్వాతే డాక్టరు ఒక సూత్రం చెప్పి, ఏది సరిగ్గా చేశాడో, ఎక్కడ తప్పాడో చూపాలి. 1992 నుంచి 'ఒక్క నిమిషం' బోధన పేరుతో వాడుకలో ఉన్న పద్ధతి ఇది. "ఎందుకు" అని రోజుకు పదిసార్లు వివరించాల్సివచ్చే డాక్టరు అలవాటు కొద్దీ మందు రాయడం కష్టం. రోగి అనుమతి మాత్రం విద్యార్థి గదిలోకి రాకముందే అడగాలి. ఎదురుగా నిలబెట్టి "మీకేం అభ్యంతరం లేదుగా?" అంటే లేదనక ఏం చేస్తారు!

ఇక క్లినిక్ నడపడంలో డాక్టరు నాయకత్వం. కమిటీలు, సమావేశాలంటూ డాక్టరు సగం వారం కనబడకపోతే అది రోగికి నష్టమే. ఏ రోజు ఎవరుంటారో ముందే చెప్పాలి, రిపోర్టులు చూసే బాధ్యత ఎవరిదో పేరుతో తెలియాలి. పనికొచ్చే నాయకత్వం రిజిస్టరులో కనబడుతుంది. షుగరు ఉన్నవాళ్ల జాబితా తీసి, గత 12 నెలల్లో పాదాలకు 10 గ్రాముల మోనోఫిలమెంట్ పరీక్ష (సన్నటి నైలాన్ పోగుతో స్పర్శ చూడడం), మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్ష, కంటి పరీక్ష ఎవరికి కాలేదో చూసి వాళ్లకు ఫోన్ చేయించాలి. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడితే బీ12 విటమిన్ తగ్గొచ్చు; అలా వాడుతూ అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయనేవాళ్లకు బీ12 చూశారా? ఆ తిమ్మిరిని షుగరు ఖాతాలో వేసేసి వదిలేయడం తరచూ జరిగే పొరపాటు.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి, మూలికల పొడులతో సహా. నొప్పి మాత్రలు అస్సలు మరవొద్దు. రామిప్రిల్ లాంటి బీపీ మాత్ర, నీళ్ల మాత్ర, వాటిమీద డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర, ఈ మూడూ కలిస్తే కిడ్నీ దెబ్బతినొచ్చు. మూడోది చీటీలో ఉండదు, సంచిలోనే దొరుకుతుంది. ఆ సంచి పక్కకు జరిపి కొత్త చీటీ మొదలుపెట్టే డాక్టరైతే, ఇంకో క్లినిక్ చూసుకోవడం మేలు.