అద్దె జెట్ మొరాయించినప్పుడు ఏది మేలు: ఆగడమా, మరో విమానమా, డబ్బు వాపసా?

మా సంస్థలో ప్రయాణాల ఏర్పాట్లు చూసేది నేనే. ఒక రోజు ఆరుగురు ప్రయాణికులు అద్దె జెట్ ఎక్కి కూర్చున్నారు, సామాను సర్దేశారు. తలుపు మూసే ముందు కోపైలట్ చివరిసారి విమానం చుట్టూ తిరుగుతూ చక్రం దగ్గర ఆగిపోయాడు. నేల మీద ఎర్రటి నూనె చుక్కలు. వేలితో తాకి కెప్టెన్‌కు చూపించాడు. బ్రేకుకు వెళ్లే హైడ్రాలిక్ గొట్టం కారుతోంది. ‘‘ఒక గంట పడుతుంది’’ అన్నారు. గంట గడిచాక మరో గంట అన్నారు. కొత్త గొట్టం ఇంకో ఊరి నుంచి రావాలని మూడో గంటలో తెలిసింది. వేరే విమానం కోసం వెతకడం అప్పుడు మొదలుపెట్టాం. అది దొరికేసరికి వెళ్లాల్సిన సమావేశం ముగిసిపోయింది.

ఆ రోజు చుక్కలను గమనించిన కోపైలట్‌కు నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. తప్పు గొట్టానిది కాదు, ఆ మూడు గంటలూ ఆశతో కూర్చున్న నాది.

మరమ్మతు అయ్యేదాకా ఆగడం ఎప్పుడు మంచిదో లోపాన్ని బట్టి ఉంటుంది. ఏయే పరికరాలు పని చేయకపోయినా ఎగరవచ్చో, అందుకు షరతులేమిటో చెప్పే ‘కనీస పరికరాల జాబితా’ ఒకటి ఆపరేటర్ల దగ్గర, అంటే జెట్లను అద్దెకు నడిపే సంస్థల దగ్గర ఉంటుంది. అందులో కొన్నింటిని మూడు రోజుల్లో, కొన్నింటిని పది రోజుల్లో బాగుచేయించాలి. తోకలో ఉండే చిన్న సహాయక ఇంజిన్ పని చేయకపోతే చాలాసార్లు బయటి నుంచి కరెంటు ఇచ్చి ప్రధాన ఇంజిన్లను స్టార్ట్ చేస్తారు, ప్రయాణం సాగిపోతుంది. టైరు అరిగితే, విడి చక్రం దగ్గరుంటే, అదీ పెద్ద ఆలస్యం కాదు. కాక్‌పిట్ అద్దం పగిలిందంటే మాత్రం ఆగడం దండగ. కొత్త అద్దం బిగించినా దాని చుట్టూ సందులు మూయడానికి వేసిన సీలెంట్ ఆరడానికే గంటలు పడుతుంది. కాబట్టి ‘‘ఎంతసేపు?’’ అని అడిగి లాభం లేదు. విడిభాగం ఎక్కడుంది, మెకానిక్ ఎక్కడున్నాడు, పని పూర్తయిందని సంతకం చేసే అధికారం ఎవరిది అని అడగండి. ఈ మూడూ ఆ విమానాశ్రయంలోనే ఉంటే ఆగండి. ఒక్కటి బయట ఉన్నా గంట మాటను నమ్మకండి.

చాలామందికి తట్టని విషయం ఇంకొకటి ఉంది. మీరు లాంజ్‌లో కూర్చున్న సమయం పైలట్ల డ్యూటీ లెక్కలోకీ వెళుతుంది. సాయంత్రానికి విమానం బాగుపడినా, అప్పటికి పైలట్ల పని గంటలు అయిపోతే కదలదు. తిరుగు ప్రయాణం కూడా అదే రోజయితే ఈ ఇబ్బంది ఇంకా ముందే ఎదురవుతుంది.

మరో విమానం తెప్పించుకోవడం అందరికీ నచ్చే మార్గం. చిక్కంతా ఒప్పందంలో ఉంటుంది. ‘‘ప్రత్యామ్నాయం ఏర్పాటు చేస్తాం’’ అని రాసి ఉంటుంది. అదనపు ఖర్చు ఎవరిదో చాలాసార్లు రాసి ఉండదు. చిన్న జెట్ బదులు మధ్యస్థాయి జెట్ దొరికితే ధర పెరుగుతుంది. అది ఖాళీగా మీ దాకా రావడానికయ్యే ఖర్చూ మీ బిల్లులోకే చేరవచ్చు. పెద్ద విమానమైతే మీరు దిగే చోటి రన్‌వే సరిపోతుందో లేదో చూసుకోవాలి. దేశం దాటే ప్రయాణమైతే విమానం మారగానే అనుమతులు మళ్లీ తీసుకోవాల్సి రావచ్చు. ఒకే రకం విమానాలు చాలా ఉన్న ఆపరేటర్ దగ్గర ఈ పని తేలిక. ఒకటి రెండు జెట్లే ఉన్న ఆపరేటర్ బయట వెతకాల్సిందే. అలాంటప్పుడు నాకు మంచి బ్రోకర్ నయమనిపిస్తుంది. అతనికి సొంత విమానం లేకపోయినా పదిమంది ఆపరేటర్ల ఫోన్ నంబర్లు ఉంటాయి.

డబ్బు వెనక్కి తీసుకుని మామూలు విమానం టికెట్ కొనుక్కోవడాన్ని చిన్నతనంగా భావించేవారున్నారు. రెండు పెద్ద నగరాల మధ్య ప్రయాణమైతే, ఇద్దరు ముగ్గురే ఉంటే, అదే త్వరగా చేరుస్తుంది. ఖాళీగా తిరిగి వెళ్లే జెట్‌ను తక్కువ ధరకు పట్టుకున్నవారికి సాధారణంగా మిగిలే మార్గమూ ఇదే. ఆ ధరకు మరో విమానం ఇస్తామని ఎవరూ హామీ ఇవ్వరు.

ఏది మేలంటే, చేరాల్సిన సమయం కదిలించలేనిదైతే నా ఓటు మరో విమానానికే, ధర పెరిగినా సరే. సాయంత్రానికి చేరినా ఫరవాలేదనుకుంటే, జెట్ దాని సొంత స్థావరంలోనే ఆగిపోయి ఉంటే, మరమ్మతు కోసం ఆగుతాను. ఎలాగైనా కెప్టెన్‌ను మాత్రం తొందరపెట్టను. ‘‘ఈ స్థితిలో ఎగరను’’ అని అతను అన్నాక బేరం ఉండదు.

ఇప్పుడు లోపం మాట వినగానే రెండు ఫోన్లు చేస్తాను. ఒకటి విడిభాగం సంగతి కనుక్కోవడానికి, రెండోది ప్రత్యామ్నాయ విమానం వెతకమని చెప్పడానికి. ఒప్పందంలో కూడా రెండు వాక్యాలు రాయించుకుంటున్నాను: ఎన్ని గంటలు దాటితే రద్దు చేసుకునే హక్కు మాది, ధరలో తేడా వస్తే భరించేది ఎవరు. రెండో వాక్యం దగ్గర ఆపరేటర్ నీళ్లు నమిలితే ఇంకొకరిని వెతుక్కుంటాను.