పది చట్రాల లాంగ్‌స్ట్రాత్ తేనెపెట్టె: ఏళ్ల వాడకం తరువాత

పెరటిలో తేనెటీగలను పెంచాలనుకునేవారికి మొదటి పెట్టెగా చాలామంది సూచించేది పది చట్రాల లాంగ్‌స్ట్రాత్ పెట్టెనే (చట్రమంటే ఈగలు తేనెపట్టు కట్టుకునే చెక్క ఫ్రేము). ఏళ్ల తరబడి దానినే వాడిన అనుభవంతో ఆ సూచన సబబేనని ఒప్పుకుంటాను. అయితే దాని బరువు గురించి కొత్తవారికి చెప్పవలసినంత ఎవరూ చెప్పరని కూడా అంటాను.

ఈ పెట్టె గొప్పతనమంతా దానిలోని ఖాళీలలో ఉంది. తేనెటీగలు సుమారు 6 నుంచి 9 మిల్లీమీటర్ల సందును నడవడానికి వదిలేస్తాయి. అంతకంటే ఇరుకైన సందును జిగురుతో పూడ్చివేస్తాయి, వెడల్పైన చోట తేనెపట్టు కడతాయి. అమెరికాకు చెందిన లోరెంజో లాంగ్‌స్ట్రాత్ చట్రాల చుట్టూ ఈ కొలతను పాటిస్తూ రూపొందించిన పెట్టెకు 1852లో పేటెంటు పొందాడు. అందువల్లనే పట్టును కోయకుండా ఏ చట్రాన్నైనా పైకి తీసి, చూసి, మళ్లీ అదే చోట దించగలుగుతున్నాము.

నేర్చుకునేవారికి దీనిని మించిన సౌకర్యం లేదు. రాణి పెట్టిన గుడ్డు మూడు రోజులకు పగిలి పురుగు బయటికి వస్తుంది కనుక, పట్టులోని ఏ చిన్న అర లోపలైనా గుడ్డు కనిపించిందంటే మూడు రోజుల కిందటి వరకైనా రాణి ఉన్నట్టే. వేల ఈగల నడుమ దానిని వెతుకుతూ పెట్టెను తెరిచి ఉంచనక్కరలేదు. (రాణిని కళ్లారా చూడాలన్న కోరిక మాత్రం ఎంత చెప్పినా చల్లారదు.) అలాగే చట్రాల అంచులకు వేలాడే రాణి అరలను (కొత్త రాణులను పెంచే అరలను) బట్టి, గుంపు చీలి ఎగిరిపోవడానికి సిద్ధమవుతోందని గ్రహించవచ్చు. గుడ్డు పెట్టిన ఎనిమిది, తొమ్మిది రోజులకు ఆ అరకు మూత పడుతుంది, సాధారణంగా ఆ సమయానికే పాత రాణి కొంత గుంపును వెంటబెట్టుకుని వెళ్లిపోతుంది కాబట్టి, పూలు విరివిగా ఉన్న రోజులలో వారానికొకసారి చూడటం అవసరం.

బరువు అడ్డొచ్చేది ఇక్కడే. పిల్లలు పెరిగే గది అడుగున, తేనె గదులు పైన ఉంటాయి కనుక, కింద చూడాలంటే పైవన్నీ దించాలి. 24 సెంటీమీటర్ల లోతు గది తేనెతో నిండితే 40 కిలోల దాకా తూగుతుంది. ఈగలు ముసురుతుండగా దానిని కుదుపు లేకుండా దించడం ఒంటరిగా చేయదగిన పని కాదు. సుమారు 17 సెంటీమీటర్ల లోతు గది నిండినా 30 కిలోలు మించదు. ఇప్పుడు కొనవలసి వస్తే అడుగు గదితో సహా అన్నింటినీ ఈ మధ్యరకం లోతులోనే తీసుకుంటాను. చూడవలసిన చట్రాల సంఖ్య పెరుగుతుంది, నిజమే. కానీ అన్నీ ఒకే కొలత కావడంతో ఏ చట్రాన్నైనా ఏ గదిలోకైనా మార్చుకోవచ్చు.

ఈ కొలతలు ఐరోపా జాతి ఈగలకు ఉద్దేశించినవి. చిన్నవైన ఆసియా ఈగలకు ఇంత పెట్టె అక్కరలేదు. రంగు బయటి వైపుకే వేయాలి. జాలీ అడుగు పలక, ఈగలను పట్టి పీడించే వరోవా పేలను లెక్కించడానికి పనికొస్తుంది గానీ వాటిని అదుపు చేయడానికి అదొక్కటే చాలదు.

తేనె తీసేటప్పుడు మాత్రం ఈ పెట్టెపై ఫిర్యాదేమీ మిగలదు. మైనపు మూతలు పడిన చట్రాలనే ఎంచి తీయవచ్చు; మూత పడని పచ్చి తేనెలో నీటి శాతం ఎక్కువై పులిసిపోయే ప్రమాదముంది. మూతలు చెక్కి, యంత్రంలో గిరగిర తిప్పి తేనె పిండిన తరువాత ఖాళీ పట్టును తిరిగి పెట్టెలో ఉంచితే, ఈగలు కొత్తగా మైనం కట్టే శ్రమ లేకుండా వెంటనే నింపడం మొదలుపెడతాయి.