అమలాపురం ఫ్లెక్సీ దుకాణంలో క్వార్కుల పోస్టరు

గడియార స్తంభం సెంటరుకు కాస్త అవతల, ఓణీల ఫంక్షన్లకూ పుట్టినరోజులకూ ఫ్లెక్సీలు వేసే దుకాణం ఒకటుంది. మా కాలేజీ సైన్సు ప్రదర్శనకు ప్రోటాన్, న్యూట్రాన్ల లోపలి కణాలైన క్వార్కుల ట్రాన్స్‌వర్స్ స్పిన్ (కదిలే దిశకు అడ్డంగా ఉండే, బొంగరపు తిరుగుడు లాంటి గుణం) పోస్టరు అక్కడే వేయించాను.

కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి గట్టిది. మొదటి ప్రూఫులో గ్రాఫు చుక్కల మీది సన్నని నిలువు గీతలను మరకలనుకుని తుడిచేసింది. "కొలతలో ఎంత తేడాకు అవకాశముందో చెప్పేవమ్మా అవి" అన్నాను. గీతలు మళ్లీ పెట్టి, కాసేపు చూసి, "అయితే మాస్టారండీ, ఈ చుక్కలన్నీ సున్నాగానే లెక్కా?" అని అడిగింది. సరిగ్గా అదే సంగతి! ఆ బొమ్మ, సెర్న్ అనే యూరప్ కణభౌతిక కేంద్రంలోని కంపాస్ ప్రయోగంలో డ్యూటెరాన్ల (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసిన కేంద్రకాలు) మీదికి మ్యువాన్లను (ఎలక్ట్రాన్ లాంటివే, బరువైన కణాలు) పంపి తీసినది. పుట్టిన కణాలు ఒక పక్కకు ఎంత మొగ్గాయో చుక్కలు చూపిస్తాయి. గీతలు లేకపోతే చుక్కలు పైకీ కిందికీ ఏదో చెబుతున్నట్టే ఉంటాయి. నిజానికి అప్ రకం క్వార్కుల వాటా ఒకవైపు, డౌన్ రకానిది ఎదురువైపు కాబట్టి డ్యూటెరాన్‌లో రెండూ చెల్లుకు చెల్లు. పోస్టరులో దాని పక్కనే, జర్మనీలో జరిగిన హెర్మెస్ ప్రయోగం 2005లో ప్రకటించిన ప్రోటాన్ ఫలితం: ధన పయాన్లు (ఢీకొన్నప్పుడు పుట్టే తేలికైన కణాలు) సున్నాకు పైన, ఋణ పయాన్లు కింద. ఎరుపు, నీలం రంగులు ముద్దగా అలుక్కుపోకుండా పడ్డాయి.

ఇబ్బందంతా పోస్టరులోని సూత్రం ఫాంటుతోనే. ముందు ఆ సూత్రం సంగతి. ఫోటాన్ (కాంతి కణం) తగిలితే క్వార్కు హెలిసిటీ, అంటే కదిలే దిశ వెంబడి స్పిన్ ఎటు ఉందన్నది, మారదు. ట్రాన్స్‌వర్సిటీ, అంటే అడ్డంగా స్పిన్ ఉన్న ప్రోటాన్‌లో క్వార్కుల స్పిన్ ఎంత అడ్డంగా ఉందన్నది, కనబడాలంటే అది మారాలి. అందుకే ప్రోటాన్‌ను కొట్టి చెదిరిన ఎలక్ట్రాన్‌ను మాత్రమే చూస్తే అది దొరకదు. 1993లో భౌతిక శాస్త్రవేత్త జాన్ కొలిన్స్ ఒక దారి చూపించారు: అడ్డంగా స్పిన్ ఉన్న క్వార్కు నుంచి పుట్టే పయాన్లు ఒక పక్కకు మొగ్గుతాయి. పయాన్ కోణాన్నీ లక్ష్యపు స్పిన్ కోణాన్నీ కూడి సైను తీస్తే ఆ మొగ్గు తేలుతుంది. తెలుగు ఫాంటు తగిలించగానే కోణాల ఫై అక్షరాలు డబ్బాలయ్యాయి, మధ్యనున్న ప్లస్ కాస్తా అడ్డగీత అయింది. ఒక్క గుర్తే కదా అని యజమాని తేలిగ్గా తీసుకున్నారు. కూడితే కొలిన్స్ ప్రభావం, తీసివేస్తే సివర్స్ ప్రభావం (ప్రోటాన్ లోపల క్వార్కులే ఒక పక్కకు మొగ్గడం), రెండూ వేర్వేరు! గొణుక్కుంటూనే మళ్లీ వేశారు, అదనంగా డబ్బు అడగలేదు.

రింగుల కోసం కొట్టిన రంధ్రం మాత్రం జపాన్ బెల్ ప్రయోగం బొమ్మ మీద పడింది. హెర్మెస్ కొలిచింది ట్రాన్స్‌వర్సిటీ, కొలిన్స్ మొగ్గు అనే రెండు తెలియని రాశుల లబ్ధం. అందులో కొలిన్స్ రాశిని విడిగా చూపించింది బెల్. అలాంటి బొమ్మకే చిల్లు పెట్టారు! మెరుపు లామినేషన్ కూడా వద్దనండి, ట్యూబులైటు కింద అక్షరం కనబడదు.

రేటు మామూలు ఫ్లెక్సీకి రెట్టింపు, ముద్రణ చూస్తే ఇవ్వవచ్చు. ముహూర్తాల రోజుల్లో వెళితే మీ పని మూలన పడుతుంది. ఫైలు పీడీఎఫ్‌గా తీసుకెళ్లండి, అంచుల్లో నాలుగు వేళ్ల ఖాళీ వదలండి, ప్రూఫు ఆ అమ్మాయితోనే చూపించుకోండి.